"మీది ఏ ఇల్లు?": ఒకినావా పెద్దల దగ్గర ఇంటి కథలు రాబట్టుకోవడం ఎలా

మా అమ్మాయి కాపురం అమెరికాలో, హవాయి దీవుల్లోని హొనొలులులో. అల్లుడు అక్కడే పుట్టి పెరిగాడు. మొదటిసారి చూసినప్పుడు "జపాను వాళ్ళా బాబూ?" అని అడిగాను. "కాదండీ, మేము ఉచినాన్చు" అన్నాడు. ఒకినావా వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరది. వాళ్ళ దీవులు 1879 దాకా ర్యూక్యూ అనే వేరే రాజ్యం. ఆ ఏడు జపాను కలిపేసుకుంది. 1900 జనవరి 8న ఒకినావా వాళ్ళు 26 మంది హొనొలులు రేవులో దిగి చెరుకు తోటల్లో పనికి కుదిరారు. తర్వాత 1906లో పెరూ, 1908లో బ్రెజిల్. కసాతో మారు అనే ఓడలో బ్రెజిల్ వెళ్ళిన 781 మంది కూలీల్లో 325 మంది ఒకినావా వాళ్ళే.

మనవడు పుట్టాక నాకో పట్టుదల పట్టుకుంది. వాడికి మా వైపు కథలు నేను చెప్పుకుంటాను, తండ్రి వైపు కథలు ఎవరు చెబుతారు? మా అల్లుణ్ణి అడిగితే మూడు ముక్కలు చెప్పాడు: ముత్తాత ఓడలో వచ్చాడు, పందులు పెంచాడు, కష్టపడ్డాడు. మిగతాదంతా వాళ్ళ నాయనమ్మ దగ్గరుంది. ఆవిడని ఇంటిల్లిపాదీ బాచన్ అంటారు, నేనూ అలాగే అంటాను. రెండుసార్లు వెళ్ళి ఆరేసి నెలలు ఉన్నాను. ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఇది. మీ కోడలో అల్లుడో అటువైపు వాళ్ళయితే ఉన్నదున్నట్టు పనికొస్తుంది. కాకపోతే మీ సొంత అమ్మమ్మ దగ్గర ప్రయత్నించండి, సగమైనా పనికొస్తుంది.

1. ముందు ఇంటి పిలుపు అడగండి

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇదే. నేను ఆఖర్న చేశాను, మీరు అలా చెయ్యకండి.

ఒకినావాలో ఒకే ఊళ్ళో వరసగా పది ఇళ్ళకి ఒకే ఇంటిపేరు ఉండొచ్చు. హిగా, ఒషిరో, కనెషిరో లాంటివి. అందుకని ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఆ పేరుతో గుర్తుపట్టరు. ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు ఉంటుంది. జపాను భాషలో యాగో అంటారు, వాళ్ళ సొంత భాషలో యాన్నా. వేరుపడి కొత్తగా కట్టుకున్న ఇల్లయితే "మీయా". తూర్పు పక్కదయితే పిలుపులో "ఆగరి" వస్తుంది, పడమటిదయితే "ఇరి". సూర్యుడు పైకొచ్చే వైపు ఆగరి, లోపలికి దూరే వైపు ఇరి. ఊళ్ళో నలుగురు సుబ్బారావులుంటే "చెరువుగట్టు సుబ్బారావు", "మేడింటి సుబ్బారావు" అని మనం అనుకోమూ, అలాంటిదే. తేడా ఏమిటంటే అక్కడ అది తరతరాలు నిలిచిపోతుంది.

ఈ పిలుపు పాస్‌పోర్టులో ఉండదు. ఓడ జాబితాలో ఉండదు. దేశం దాటి వచ్చిన కుటుంబంలో అది అందరికన్నా పెద్దావిడ నోట్లోనే ఉంటుంది. "మీ యాగో ఏమిటి?" అని సూటిగా అడిగితే ఆవిడ తెల్లమొహం వేసింది. "మీ నాన్నగారి ఊరు వెళ్ళి బస్సు దిగితే, ఎవరిల్లని అడగాలి?" అని తిప్పి అడిగాను. టక్కున చెప్పింది. చెప్పి నావైపు తిరిగి "మరి మీది ఏ ఇల్లు?" అంది. మా ఇంటిపేరు చెప్పి దానర్థం కూడా చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను ఆ పేరుతోనే పిలుస్తోంది, కాస్త ముక్కలు చేసి.

ఆడవాళ్ళ దగ్గర రెండు పిలుపులు తీసుకోండి: పుట్టింటిది, అత్తింటిది. ఆవిడ నోటితోనే రెండు మూడుసార్లు పలికించి రికార్డు చెయ్యండి. మీరు రాసుకున్న అక్షరాలని నమ్ముకోకండి. దీర్ఘం ఎక్కడుందో రాతలో పోతుంది.

పేర్లతో ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి, రాత ఒకటే అయినా పలుకు వేరు. హవాయిలో కనెషిరో అయినవాళ్ళ దాయాదులు ఒకినావాలో కిన్జో అయి ఉండొచ్చు, పూర్వం కనగుసుకు అయి ఉండొచ్చు. చైనా అక్షరాల్లో మూడూ ఒకటే. కాబట్టి పేరు ఆ అక్షరాల్లో రాసిన కాగితం ఏదన్నా ఉందేమో అడిగి ఫొటో తీసుకోండి. రెండోది, పాతకాలం వాళ్ళకి వరాబినా అని ముద్దుపేరు ఒకటి ఉండేది. ఆడవాళ్ళకి నాబె అంటే కుండ, ఉషి అంటే ఆవు, ఇలాంటివి. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు పెట్టడం వాళ్ళకీ ఆచారమే. మన ఇళ్ళలో లాగే ఒక తరం విడిచి ఒక తరం అదే పేరు తిరిగొస్తుంది. వంశవృక్షం గీసేటప్పుడు తాతనీ మనవణ్ణీ ఒకే మనిషిని చేసెయ్యకండి. నేను చేశాను, మా అల్లుడు నవ్వి చెరిపాడు.

2. బల్ల మీద ఫోన్ పెట్టి "చెప్పండి" అనకండి

మొదటిరోజు నేను చేసిన ఘనకార్యం ఇది. నోటుపుస్తకం, ఫోను, ప్రశ్నల జాబితా అన్నీ సర్దుకుని ఎదురుగా కూర్చున్నాను. "మీ చిన్నతనం గురించి చెప్పండి." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఏముంది, పనే" అంది. ఇరవై నిమిషాలు. నా ఫోనులో ఎక్కువగా వినిపించేది ఫ్యాను చప్పుడు.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఆందగి వేస్తుంటే పక్కన నిలబడ్డాను. మైదా, గుడ్లు, పంచదార కలిపి ముద్దలా చేస్తారు. ఆ ముద్దని గుప్పెట్లోకి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి ఉండలా పైకి నొక్కి నూనెలో జారవిడవాలి. మనం పునుగులు వేస్తాం చూడండి, అదే చెయ్యి. అవి వాటంతటవే బోర్లాపడి, ఒక పక్క పగిలి నవ్వినట్టు విచ్చుకుంటాయి. నేను వేసినవి తోకలొచ్చాయి. ఆవిడ నవ్వి, "మా అమ్మ కూడా తోకలొస్తే తిట్టేది" అంది. అక్కణ్ణుంచి ఆగలేదు.

వాళ్ళమ్మ తెల్లారకముందే డబ్బాలు మోసుకుని ఇంటింటికీ తిరిగేదట, వంటింటి మిగుళ్ళ కోసం. పందుల మేతకి. బడిలో జపాను ప్రధానభూమి వాళ్ళ పిల్లలు "ఒకినావా కెన్ కెన్, బుతా కౌ కౌ" అని వెంటపడి అరిచేవాళ్ళట. బుతా అంటే పంది, కౌ కౌ అంటే హవాయి యాసలో తిండి. "అందుకని నేను అమ్మతో ఒకే రోడ్డు మీద నడిచేదాన్ని కాదు" అంది. అని ఒక ఆందగి తీసి నా చేతిలో పెట్టింది. వేడిది, చెయ్యి కాలింది.

ఆ పందులే 1948లో ఇంకో కథ అయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకినావాలో పశువులు దాదాపు అన్నీ పోయి జనం ఆకలితో ఉన్నారని విని, హవాయి ఒకినావా వాళ్ళు చందాలు పోగుచేసి అమెరికాలో 550 పందులు కొని, ఏడుగురు మనుషుల్ని తోడిచ్చి ఓడలో పంపారు. పుస్తకాల్లో ఉన్న సంగతే. కానీ వాళ్ళ నాన్న ఆ చందాకోసం దేన్ని ఆపుకున్నాడో పుస్తకంలో ఉండదు. మీకు కావలసింది ఆ ముక్క.

కాబట్టి చేతులకి పని ఉన్నప్పుడు మాట్లాడించండి. గోయా కాయ తరిగేటప్పుడు (మన కాకరకాయే, లావు రకం), బట్టలు మడతపెట్టేటప్పుడు, పాత ఫొటోల డబ్బా సర్దేటప్పుడు. ఫొటో చూపించి "ఇదెవరు?" అని ఆగకండి. "ఈ ఫొటో ఎవరు తీశారు? ఈ బట్టలు ఎవరివి?" అని అడగండి. పెళ్ళికి ముందు ఒకరికొకరు పంపుకున్న ఫొటోల్లో కోటు అరువుది కావడం మామూలే. రికార్డు చేస్తున్న సంగతి మాత్రం మొదటే చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యండి. తర్వాత ఫోను ఉప్పుడబ్బా పక్కన పడుంటే ఎవరూ పట్టించుకోరు.

ఒక చిన్న మర్యాద. పలకరింపు వాళ్ళ భాషలో నేర్చుకుని వెళ్ళాలనుకుంటే, మగవాళ్ళు "హైసాయ్" అంటారు, ఆడవాళ్ళు "హైతాయ్" అంటారు. నేను వీధిలో విని హైసాయ్ అన్నాను. ఇల్లంతా గొల్లుమంది.

3. ఏ సంవత్సరం అని అడగొద్దు

మా అమ్మని నేను ఎప్పుడు పుట్టానంటే "పుష్కరాలు వెళ్ళిన రెండో ఏడు" అంటుంది. 1955 పుష్కరాలకి రెండు కలుపుకోవడం నా పని. వాళ్ళకీ అలాంటి లెక్కే ఉంది. పన్నెండు జంతువుల సంవత్సరాలు. "నాన్నది పులి ఏడు" అని చెబితే మీకు పన్నెండేళ్ళకో ఏడు దొరికినట్టే, అందులోంచి సరిపోయేది ఎంచుకోవాలి. తమ జంతువు ఏడు తిరిగొచ్చినప్పుడల్లా వేడుక చేసుకుంటారు: 13, 25, 37, 49, 61, 73, 85, 97. తొంభై ఏడోది కజిమయా, చేతిలో కాగితపు గాలిపంకా పెట్టి ఊరేగిస్తారు. ఈ వయసులు పాత లెక్క ప్రకారం: పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా ఇంకొకటి. కాబట్టి "ఇరవై ఏళ్ళప్పుడు ఓడెక్కాడు" అంటే మన లెక్కలో పంతొమ్మిదో పద్దెనిమిదో.

జపాను కాగితాల్లో రాజుల ఏళ్ళుంటాయి. మేజీ అంకెకి 1867, తైషోకి 1911, షోవాకి 1925 కలపండి. మేజీ 33 అంటే 1900. ఈ మూడు అంకెలు నోటుపుస్తకం అట్ట లోపల రాసుకోండి.

ఇవేవీ అందకపోతే అందరికీ గుర్తున్న సంఘటనకి ముందా, వెనకా అని అడగండి. హవాయి వాళ్ళకి పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి (1941 డిసెంబరు), 1946 ఏప్రిల్ సునామీ. ఒకినావాలో ఉండిపోయిన చుట్టాలకి నాహా పట్టణం తగలబడిన 1944 అక్టోబరు 10 విమానదాడి, అమెరికా పాలన పోయిన 1972 మే 15, కార్లు కుడిపక్క నుంచి ఎడమపక్కకి మారిన 1978 జులై 30. ఆ చివరిది అడిగి చూడండి, అక్కడ పెద్దవాళ్ళు నవ్వుతూ చెబుతారు.

4. మాట మార్చకండి

బాచన్ ఒకే వాక్యంలో ఇంగ్లీషు, జపాను, హవాయి, ఉచినాగుచి కలిపేస్తుంది. ఉచినాగుచి అంటే వాళ్ళ సొంత భాష. యునెస్కో 2009లో ఆ దీవుల భాషలు ఆరింటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. దానికొక కారణం బడి. ఉచినాగుచి మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కబిళ్ళ వేలాడదీసేవాళ్ళు, హోగెన్ ఫుదా అని. ఇంకొకడు నోరుజారితే అది వాడి మెడలోకి మారేది. కడప జిల్లాలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్త 2009లో చదివినవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకని రాసేటప్పుడు "శుభ్రం" చెయ్యకండి. ఆవిడ ఏ మాట అంటే ఆ మాటే రాయండి, అర్థం పక్కన పెట్టుకోండి. చచ్చిపోయిన వాళ్ళని ఆవిడ "ఉయాఫాఫుజి" అంటుంది, తాతముత్తాతలందరినీ కలిపి ఒకే మాట. దాన్ని "పూర్వీకులు" అని రాస్తే ఆవిడ గొంతు పోతుంది. "తనొమొషి" అంటే మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది: నెలనెలా డబ్బు వేసి, అవసరమున్నవాళ్ళు ఎత్తుకోవడం. చీటీ! ఒకినావాలో దాన్నే మొఐ అంటారు. మా నాన్న చీటీలో మోసపోయిన కథ నేను చెప్పాను, వాళ్ళ నాన్న చీటీ ఎత్తి ట్రక్కు కొన్న కథ ఆవిడ చెప్పింది. మీ కథ ఒకటి ఇవ్వండి, ఒకటి వస్తుంది.

5. ఆగిన చోట ఆగండి

ఒక రోజు వాళ్ళమ్మ చేతుల గురించి అడిగాను. ఫొటోలో ఆవిడ రెండు చేతులూ కిమోనో లోపలికి లాక్కుని కూర్చుంది. బాచన్ కాసేపు మాట్లాడలేదు. చేతుల మీద హజిచి ఉండేదట. పెళ్ళయిన ఆడదానికి గౌరవంగా వేళ్ళ మీద, చేతి వెనక పొడిపించుకునే పచ్చబొట్టు. జపాను ప్రభుత్వం 1899లో నిషేధించింది, అయినా చాటుగా పొడిపించుకున్నారు. ఊళ్ళో గౌరవమైనది హవాయి చెరుకు తోటలో నవ్వులపాలయింది. ఫొటో తీసేటప్పుడు దాచుకుంది. నేను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వారం తర్వాత ఆవిడే పిలిచి, ఆ బొట్టు ఎలా ఉండేదో తన చేతి మీద పెన్నుతో గీసి చూపించింది. ఆ గీతల ఫొటో మా దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా విలువైనది.

యుద్ధం దగ్గర ఇంకా జాగ్రత్త. 1945 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకినావా నేలమీద యుద్ధం జరిగింది. హవాయిలో పుట్టి, చదువుకోసం తాతగారింటికి పంపిన పిల్లలు అక్కడే చిక్కుకున్నారు. అటువైపు అన్న, ఇటువైపు తమ్ముడు ఉన్న ఇళ్ళున్నాయి. తకెజిరో హిగా అని, హవాయిలో పుట్టి ఒకినావాలో పెరిగి అమెరికా సైన్యంలో దుబాసీగా వెళ్ళినాయన, గుహల్లో దాక్కున్న జనాన్ని వాళ్ళ మాటల్లోనే పిలిచి బయటికి రప్పించాడు. ప్రతి ఇంట్లోనూ కథ అలా మంచిగా ముగియదు. "అప్పుడేమైంది?" అని తరమకండి. "ఈ రోజుకి చాలు, టీ పెట్టనా?" అనండి. "నేను పోయాక వినిపించు" అని చెప్పిన భాగాన్ని వేరే ఫైలులో పెట్టి ఆ షరతు పేరులోనే రాయండి.

6. పూజ అర

చాలా ఇళ్ళలో బుత్సుదాన్ అనే పూజ అరలో తోతోమె ఉంటుంది. ఎర్ర లక్క పూసిన చట్రంలో పేర్లు రాసిన సన్నని చెక్కలు, పైవరస మగవాళ్ళవి, కింది వరస ఆడవాళ్ళవి. వెనకవైపు చాలాసార్లు చనిపోయిన తేదీ, వయసు ఉంటాయి. వంశవృక్షానికి ఇంతకన్నా గట్టి ఆధారం ఇంట్లో దొరకదు. కానీ మీ చేత్తో ముట్టుకోవద్దు. ఇంటివాళ్ళే తీసి, తిప్పి, ఫొటో తీయాలి. తోతోమె పెద్దకొడుక్కే వెళ్ళాలన్న పట్టింపువల్ల అన్నదమ్ములు విడిపోయిన కొంపలు బోలెడు. "ఇది మీ ఇంటికెలా వచ్చింది?" అన్న ప్రశ్న నలుగురిలో వెయ్యకండి.

7. ఇక కాగితాలు

ఇంటి పిలుపు, ఊరు, చైనా అక్షరాల్లో పేరు, ఓడెక్కిన ఏడు దగ్గర దగ్గరగా. ఈ నాలుగూ చేతికొచ్చాకే కాగితాలు మొదలుపెట్టండి. ముందే మొదలుపెడితే వేరేవాళ్ళ తాతని తెచ్చి మీ ఇంట్లో కూర్చోబెడతారు.

హొనొలులుకి వచ్చిన ఓడల ప్రయాణికుల జాబితాలు ఫ్యామిలీ సెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. 1907 తర్వాత జాబితాల్లో స్వదేశంలో ఉన్న దగ్గర బంధువు పేరు, ఊరు అనే గడి ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్ళండి. స్పెల్లింగు గుమాస్తా చెవిని బట్టి ఉంటుంది. ఊరు ఇప్పటి పటంలో దొరక్కపోతే కంగారుపడకండి. గోఎకు అనే ఊరు 1956లో కోజా అయింది, 1974లో ఒకినావా నగరంలో కలిసిపోయింది. హవాయిలో మాత్రం గోఎకు వాళ్ళ సంఘం పాత పేరుతోనే ఉంది. ఊరు పేరు పోయినా వలస వెళ్ళినవాళ్ళ దగ్గర మిగిలింది. అందుకే ఊరి సంఘాల పెద్దల్ని ముందు అడగాలి.

జపానులో కోసెకి అని కుటుంబ రిజిస్టరు ఉంటుంది, వారసులు అడిగితే ఊరి ఆఫీసు నకలు ఇస్తుంది. ఒకినావా పెద్ద దీవిలో అవి చాలామటుకు యుద్ధంలో కాలిపోయాయి. తర్వాత బతికున్నవాళ్ళు చెప్పినదాన్నిబట్టి మళ్ళీ రాశారు. అంటే ఆ సర్కారు కాగితం కూడా ఎవరో ఒక పెద్దావిడ జ్ఞాపకమే. బాచన్ చెప్పిన తేదీకీ కోసెకికీ తేడా వస్తే బాచన్‌ది తప్పని కొట్టెయ్యకండి. రెండూ రాసి, ఎక్కడిది ఏదో పక్కన గుర్తు పెట్టండి.

నాహాలో ఒకినావా రాష్ట్ర గ్రంథాలయం వలస వెళ్ళినవాళ్ళ వారసులకి మూలాలు వెతికిపెడుతుంది. హవాయిలో అయితే ఒకినావా వంశావళి సంఘం ఉంది. ఇంకొకటి, ఒకినావాలో ఒక్కో పేట కూడా సొంత చరిత్ర పుస్తకం వేసుకుంటుంది, అజషి అంటారు. కొన్నిటిలో ఇళ్ళ పటం, ప్రతి ఇంటి పిలుపు ఉంటాయి. మీ మొదటి ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది.

యుద్ధంలో పోయినవాళ్ళ కోసం ఒకినావాలో మబుని అనే చోట ఉన్న శాంతి శిలలు చూడాలి. 1995లో నిలబెట్టారు, 2 లక్షల 40 వేలకు పైగా పేర్లున్నాయి. ఒకినావా వాళ్ళవి ఊళ్ళవారీగా. కొన్ని చోట్ల పేరు లేదు, "ఫలానా వారి పెద్దకొడుకు" అని మాత్రమే ఉంది. ఆ పసివాడి పేరు చెప్పగలిగినవాళ్ళు కూడా మిగల్లేదన్నమాట.

8. దాచడం

ఇది త్వరగా చెప్పేస్తాను. ప్రతి ఫైలు పేరులో తేదీ, చెప్పిన మనిషి, విషయం. మూడు చోట్ల కాపీలు, ఒకటి వేరే ఊళ్ళో (మాది రాజమండ్రిలో మా తమ్ముడి దగ్గరుంది). రికార్డు మొత్తం రాయక్కర్లేదు, ఏ నిమిషంలో ఏముందో ఒక పేజీ చాలు. ఇంటి పిలుపు పలికిన నాలుగు సెకన్ల ముక్కని మాత్రం కత్తిరించి, పిల్లలందరి ఫోనుల్లోనూ వెయ్యండి.

9. ఊరు వెళ్ళడం

ప్రపంచంలోని ఉచినాన్చులందరినీ పిలిచి ఒకినావాలో పెద్ద పండగ చేస్తారు, 1990 నుంచి సుమారు అయిదేళ్ళకోసారి. 2022 దానికి మా అల్లుడు వెళ్ళాడు. ఊళ్ళో సామూహిక భవనం దగ్గర ఇంటిపేరు చెబితే అక్కడున్న పెద్దాయన నవ్వాడట, "ఇక్కడందరం వాళ్ళమే." అప్పుడు ఫోనులో బాచన్ గొంతు వినిపించాడు. నాలుగు సెకన్లు. ఆయన ఇంకోసారి వెయ్యమన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని ముందు నడిచాడు.

ఇల్లు లేదు. కార్లు నిలిపే జాగా అయింది. మూలన బావి ఉంది, పైన సిమెంటు పలక, దానిమీద బూడిద. ఎవరో ఇంకా అగరొత్తులు వెలిగిస్తున్నారు. ఆరు కడ్డీలు అంటుకుని పలకలా ఉండే నల్లటివి, అక్కడ సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి. మీరు వెళ్ళేటప్పుడు ఒక కట్ట కొనుక్కెళ్ళండి. మావాడు కొనలేదు, పెద్దాయన జేబులోంచి ఇచ్చాడు.